దొరువు కాచిన మేనత్త

మా మేనత్త పోయిందని మొన్న ఉదయం ఫోన్ వచ్చింది. నేను నెల్లూరు నుంచి ఊరు చేరేసరికి ఆమెకు చివరి స్నానానికి నీళ్ళు సిద్ధంగా ఉన్నాయి. అల్లూరు నుంచి ఆటోలో తెప్పించిన ప్లాస్టిక్ క్యాన్లు.  జీవితమంతా దొరువు కాచిన మనిషిని క్యాను నీళ్ళతో సాగనంపాం.

దొరువంటే ఇసుకలో తవ్వుకున్న మంచినీళ్ళ గుంట. మాది సముద్రపు ఒడ్డునే ఉంది. అలల తుంపర మీద పడుతున్నా దాంట్లో నీళ్ళు తియ్యగా ఉండేవి. మా ఊరి చరిత్ర మొత్తం ఆ గుంటే. ఉప్పు, సరుగుడు కట్టెలు వేసుకుని తీరం వెంట ఉన్న కాలువ మీద చెన్నపట్నం పోయే పడవలవాళ్ళు అక్కడ ఆగి కుండలు నింపుకునేవాళ్ళట. నీళ్ళున్నాయని నాలుగు గుడిసెలు పడ్డాయి, గుడిసెలు ఊరయ్యాయి. "సముద్రం కూడు పెట్టింది అల్లుడా, ఊరిని నిలబెట్టింది మాత్రం దొరువే" అనేది అత్త.

దానికొక దురాయి ఉండేది. మా జాలరి ఊళ్ళలో పెద్దలు వేసే కట్టడిని దురాయి అంటారు. చెప్పులు దూరంగా విడవాలి, దొరువులో కాలు పెట్టకూడదు. ఏటా ఎండాకాలంలో అత్త ఆడవాళ్ళను కూడేసి పూడిక తీయించేది. ఒకసారి మా మామ వేట నుంచి వచ్చి, ఒళ్ళు తెలియని అలసటలో కాళ్ళు అందులోనే కడిగేశాడు. ఆమె ఆయన చేతికి బక్కెట ఇచ్చి నీళ్ళన్నీ తోడించింది. కొత్త ఊట ఊరేదాకా అన్నం పెట్టలేదు. "మొగుడైతే ఏంది, కాళ్ళు కాళ్ళే గదా" అంది. మామ ఆ మాట చెప్పుకుని చచ్చేదాకా నవ్వాడు.

ఇక నా నిర్వాకం. మా ఊరి అందం నలుగురికీ తెలియాలని మూడేళ్ళ కిందట కెమెరా ఉన్న స్నేహితుడిని నేనే తీసుకెళ్ళాను. అత్త పెట్టెలోంచి మంచి చీర తీసి కట్టుకుంది. సరుగుడు తోపు, తాబేళ్ళు గుడ్లు పెట్టే చోటు, అన్నీ తిప్పి చూపించి, చివరికి దొరువు పక్కన నిలబడి చెప్పులు ఎక్కడ విడవాలో కూడా చెప్పింది. "మా ఊరికి రాండి, ఈ నీళ్ళు తాగి పోండి" అంది.

ఆ వీడియో చూసి ఎక్కడెక్కడివాళ్ళో వచ్చారు. బూట్లతో దిగారు. బీరు సీసాలు చల్లబెట్టుకున్నారు. బిర్యానీ చేతులు, పిల్లల ముడ్డీ అందులోనే కడిగారు. గట్టు మీద గుట్కా ఉమ్ములు చూస్తే ఇప్పటికీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది. "గట్టిగా చెప్పు అత్తా" అంటే ఆమె మెత్తబడింది. "దురాయి మనూరోళ్ళకి. ఇంటికొచ్చినోళ్ళని చెప్పులిడవమని యాడన్నా అంటామా?"

ఆ మర్యాదే మా కొంప ముంచింది. రొయ్యల గుంటలాయన వచ్చినప్పుడూ మా పెద్దలు అదే మాట అన్నారు. బయటి మనిషి, ఆయనకు దురాయి ఏమిటన్నారు. దొరువు వెనక భూమి లీజుకిచ్చారు. నీచు కంపు ఇళ్ళలోకి, ఉప్పు దొరువులోకి వచ్చాయి. వాళ్ళను తిట్టబోతే నా నాలుకే నాకు అసహ్యంగా తోస్తుంది. అందరికంటే ముందు దారి చూపించింది నేను కదా.

చివరి ఏడాది అత్త చీపురు పట్టుకుని అక్కడే ఉండేది. మర్యాద పక్కనపెట్టి తిట్టింది కూడా. ఎవడో దాన్ని వీడియో తీసి, నవ్వుల చప్పుడు కలిపి పెట్టాడు. అది చూసి నేను రగిలిపోతే ఆమె ఊరుకోమంది. "రమ్మన్న నోరు నాదే అల్లుడా. ఇప్పుడు పొమ్మని అరస్తా ఉంటే నవ్వరా మరి?"

ఆమెను మట్టి చేసి, సముద్రంలో మునిగి, తడి బట్టలతో వస్తున్నాం. దొరువు దగ్గర ఒక కారు ఆగి ఉంది. ఒక నడివయసు ఆమె దిగి, తాము సంగం నుంచి వచ్చామని చెప్పి అడిగింది.

"వీడియోలో ఒక పెద్దమ్మ రమ్మనింది గదన్నా, ఆమె ఉండారా?"

 మా తడి బట్టలు చూసి ఆమెకే అర్థమైంది. కారు దగ్గరికి వెనక్కి వెళ్ళి చెప్పులు విడిచింది. ఒడ్డున మోకాళ్ళ మీద కూర్చుని, పైన తేలుతున్న కవర్లను పక్కకు తోసి దోసిలి పట్టింది. వద్దని అరవాల్సింది. నేను అరవలేదు.

నీళ్ళు నోట్లో పడగానే ఆమె ముఖం మారిపోయింది. బుగ్గలు ఉబ్బాయి. మా వైపు చూసింది, ఉమ్మడానికి మనసు రాక, కళ్ళు గట్టిగా మూసుకుని మింగేసింది.