షెడ్డుకి కరెంటు

నేను చదివింది మూడో తరగతి. మా అల్లుడుగారు చదివింది కరెంటు ఇంజనీరింగు. నాలుగేళ్ళు చదివి, పట్టా పుచ్చుకుని, దాన్ని బీరువాలో పెట్టి కంప్యూటరు ఉద్యోగంలో చేరారు. మావైపు పిల్లలందరూ అంతే, ఏం చదివినా చివరికి తేలేది కంప్యూటరు ముందే. అందులో తప్పేం లేదు. తాను చదివింది కరెంటు అన్న సంగతి కూడా ఆ బీరువాలోనే ఉండిపోయి ఉంటే మా ఇంటికి ఎంతో మేలు జరిగేది. కరోనా వచ్చిన ఏడు అది ఆయనకి గుర్తొచ్చింది.

అప్పుడు మేం పరాయి దేశంలో, లిమరిక్ అనే ఊరి చివర అద్దె ఇంట్లో ఉండేవాళ్ళం. మా అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. మనవరాలిని చూసుకోమంటే కొన్నాళ్ళకని వెళ్ళాను. విమానాలు ఆగిపోయాయి, నేనూ ఆగిపోయాను. మా అమ్మాయికి వరసగా రాత్రి డ్యూటీలు. తెల్లారాక వచ్చి, స్నానం చేసి, ఇంత తిని పడుకోవాలి. పడుకోవాలంటే ఇల్లు ఊరుకోవాలిగా! ఆ దేశంలో ఇంటి లోపలి గోడలు గోడలు కావు, అట్టలు. వేలితో తడితే డొల్ల మోగుతుంది. ఒక గదిలో దగ్గితే పక్క గదిలోవాళ్ళకి మంచినీళ్ళు ఇవ్వబుద్ధేస్తుంది. అల్లుడుగారిని ఆఫీసువాళ్ళు ఇంటి నుంచే పని చేసుకోమన్నారు. ఆయన గొంతు పందిట్లో మైకు పాడైతే పనికొచ్చే గొంతు. మా అమ్మాయి తల దిండు మీద పెట్టిందో లేదో గోడ అవతల ఆ గొంతు మొదలు. మనవరాలి బడి కూడా కంప్యూటరులోనే. అందులో టీచరమ్మ పాట పాడిస్తుంది, ఇది పాడుతుంది. మా అమ్మాయి చెవుల్లో దూది పెట్టుకుని పడుకునేది. నిద్ర పట్టేది కాదు. సాయంత్రం లేచి మళ్ళీ అదే ముఖంతో డ్యూటీకి వెళ్ళేది.

ఒకరోజు పొద్దున్న కారు వచ్చి గేటు ముందు ఆగింది. మనిషి దిగలేదు. టీ పెట్టాను, చల్లారిపోయింది. బయటికెళ్ళి చూద్దును కదా, స్టీరింగు మీద తల వాల్చి ఉంది. అద్దం మీద టకటకా కొట్టాను. కళ్ళు తెరిచి, అద్దం దించి, "ఇక్కడ బాగుందమ్మా, ఎవరూ మాట్లాడట్లేదు" అంది.

"దారిలో నిద్ర రాలేదు కదే?"

"వచ్చింది. ఎదురుగా లారీ హారన్ కొడితే లేచాను."

ఆ మాట విన్నాక నేను లోపలికొచ్చి అల్లుడుగారి తలుపు కొట్టాను. మీటింగులో ఉన్నానని చెయ్యి ఊపారు. కంప్యూటరు మూత నేనే వేశాను. "బాబూ, మీ పెళ్ళాం దారిలో పోతే ఈ మీటింగులు ఎవరికోసం? రేపటినుంచి మీ గొంతు ఈ ఇంట్లో ఉండకూడదు. గొంతుతో పాటు మీరు ఎక్కడికి పోతారో మీ ఇష్టం" అన్నాను. అత్త అలా మాట్లాడకూడదు. మాట్లాడాను.

ఆయన మంచి మనిషే, వెంటనే ఒప్పుకున్నారు. పెరట్లో చెక్క షెడ్డు ఉంది, గడ్డి కోసే మిషనూ పాత సైకిలూ పెట్టేది. అందులో బల్ల వేసుకుని పని చేసుకుంటానన్నారు. షెడ్డుకి కరెంటు లేదు. "అదెంతసేపు అత్తయ్యగారూ" అన్నారు. అదెంతసేపో మొత్తం ఇల్లు చూసింది.

ముందు అక్కడి కరెంటు పనివాడికి ఫోను చేశారు. ప్రాణం మీదికొస్తే తప్ప ఎవరి ఇంటికీ రావడం లేదన్నాడతను. వచ్చినా, ఇనుప తొడుగున్న కేబులు భూమిలో పాతాలి, ఇంటి ఓనరు ఒప్పుకోవాలి, నువ్వు మాత్రం చెయ్యి పెట్టకు అన్నాడు. అల్లుడుగారు ఫోను పెట్టేసి, "టెంపరరీగా లాగేద్దాం" అన్నారు. మనవాళ్ళు ఏ దేశానికి వెళ్ళినా సామాన్లలో ఆ మాట కూడా ఉంటుంది.

ఇక ప్రశ్నలు మొదలయ్యాయి. కరెంటు ఇంజనీరు గారు ఆ దేశంలోని తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో అడగడం మొదలుపెట్టారు. మన ఊళ్ళో ఫేజు ఎరుపు, న్యూట్రల్ నలుపు కదా, ఇక్కడ గోధుమ రంగు వైరూ నీలం వైరూ ఉన్నాయి, ఏది ఏది? ఎర్తుకి జీఐ తీగ వాడొచ్చా, రాగే కావాలా? బాత్రూములో ప్లగ్గు పాయింటు ఎందుకు పెట్టరు? ఈ చివరిది షెడ్డుకేం సంబంధమో నాకు ఇప్పటికీ తెలియదు. వాటర్‌ఫోర్డ్ అనే ఊరి నుంచి ఒకాయన రాగే వాడాలన్నాడు. లెటర్‌కెన్నీ నుంచి ఇంకొకాయన, మా ఇంట్లో ఇరవై ఏళ్ళనుంచి జీఐ తీగే ఉంది, ఎవరూ పోలేదు అన్నాడు. ఒకావిడ గులాబీ పువ్వు మీద శుభోదయం పంపింది. అందరికీ దండాలు పెట్టి, అల్లుడుగారు జీఐ తీగ వైపు మొగ్గారు. జీఐ అంటే మరేం కాదు, తుప్పు పట్టకుండా పైన జింకు పూత వేసిన ఇనప తీగ. మన ఇళ్ళలో దండేనికి కట్టేదే.

ఆయన ఆలోచన ఏమిటంటే, మన వీధిలో స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరుని జీఐ తీగకి వేలాడదీస్తారు కదా, అలాగే ఇంటి గోడ నుంచి షెడ్డుకి తీగ లాగి, దాని మీద ఎక్స్‌టెన్షన్ వైరు వేలాడదీస్తారట. తీగ తెప్పించారు. అక్కడ ఆ తీగ అమ్మేది గొర్రెల కంచెకి, చుట్టగా తప్ప ఇవ్వరు. ఆ చుట్ట ఇద్దరు పట్టి లేపితే లేచింది. మా వీధి మొత్తానికి కంచె వేసి, లోపల గొర్రెల్ని తోలుకోవచ్చు.

"ఇంత ఎందుకు బాబూ?"

"ముందు ముందు పనికొస్తుంది అత్తయ్యగారూ."

"మీరు గొర్రెలు కొంటున్నారా?"

మనవరాలు నవ్వింది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, నోటికి మాత్రం అక్కడి ఇంగ్లీషే వస్తుంది. "ఇట్స్ గ్రాండ్, అమ్మమ్మా" అంది, అంటే ఏం ఫర్వాలేదని. అక్కడివాళ్ళు ఇల్లు కాలుతున్నా ఆ మాటే అంటారు.

తీగ లాగారు. కిటికీ కింద ప్లగ్గు, అక్కడినుంచి తీగ మీదుగా వైరు, షెడ్డులో బల్ల, కంప్యూటరు, కాళ్ళ దగ్గర హీటరు. మొదటి రోజు ఇంట్లో మనవరాలి పాట తప్ప చప్పుడు లేదు. మా అమ్మాయి పడుకుంది. కునుకు పట్టే వేళకి చినుకు పడింది. వైరుకి వైరు కలిపిన చోట ప్లాస్టిక్ సంచీ చుట్టి ఉంది. అందులోకి నీళ్ళు దిగాయి. ఠప్పుమని ఇంటి మొత్తం కరెంటు పోయింది. మనవరాలి పాట ఆగింది, ఫ్రిజ్జు ఆగింది. అల్లుడుగారు పెరట్లోంచి పరుగెత్తుకొచ్చి, మెట్ల కింద ఉన్న మెయిన్ బోర్డు దగ్గర నిలబడి, "ట్రిప్పయింది! ట్రిప్పయింది!" అని అరిచారు. మా అమ్మాయి లేచి కూర్చుంది.

ఆ దేశంలో చినుకు పడని రోజు ఉంటుందా? రోజూ అదే భాగోతం. మధ్యలో ఒకరోజు పొడిగా ఉంటే, అల్లుడుగారు తడి తువ్వాలు పట్టుకెళ్ళి ఆ తీగ మీదే ఆరేశారు.

"అది తీయండి బాబూ! కరెంటు వైరు వేలాడుతున్న తీగ అది!"

"అలవాటుగా వేసేశాను అత్తయ్యగారూ."

"ఇంజనీరింగులో అలవాటుగానే పాసయ్యారా?"

మన ఊళ్ళో మా వీధిలో ఒకావిడ అలాగే దండెం తీగ పట్టుకుని పోయింది. అందుకే నేను దండెం తాకాలంటే ముందు చేతి వెనక వైపు ఆనించి చూస్తాను. తీగ కనబడితే బట్ట ఆరేయకుండా ఉండలేని జాతి మనది. ఆ జాతికి చదువు ఒక అడ్డా?

ట్రిప్పవడానికి కారణం ఎర్తు సరిగా లేకపోవడమేనని గ్రూపు తేల్చింది. తడిసిన జాయింటు సంగతి ఎవరికీ తట్టలేదు. తట్టినా అది పుస్తకంలో మాటలా ఉండదుగా. ఎర్తు అనగానే నాకూ ఉత్సాహం వచ్చింది. ఎర్తు సంగతి నాకు తెలుసు. ఊళ్ళో మా ఇంటి వెనక గుంట తవ్వి, బొగ్గూ ఉప్పూ వేసి, జీఐ గొట్టం పాతి, ఎండాకాలం రోజూ చెంబుడు నీళ్ళు పోసేవాళ్ళం. అది నా పనే. "గుంట తవ్వండి, మిగతాది నేను చూసుకుంటా" అన్నాను. ఆయన తవ్వారు. ఎక్కడ తవ్వారు? మా అమ్మాయి పడుకున్న గది కిటికీ కింద. ఆ నేలలో మట్టి కన్నా రాళ్ళెక్కువ. పార రాయికి తగిలినప్పుడల్లా పైన మంచం కిర్రుమనడం నాకు వినబడుతూనే ఉంది. మాంసం కాల్చుకునే బొగ్గు సంచీ వేశాం. వంటింటి ప్రెస్సులో, అదే అక్కడి అలమారలో, ఉన్న ఉప్పంతా వేశాం. గొట్టం దొరక్క, గొర్రెల తీగనే పేటలు పేటలుగా మెలిపెట్టి పాతాం.

ఆ రోజునుంచి పొద్దున్నా సాయంత్రం గుంటకి నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. వాన పడుతుంటే ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఇంకో చేత్తో పోసేదాన్ని. పక్కింటి ముసలాయన గోడ మీదినుంచి చూసి చూసి, ఏం మొక్క వేశారని మనవరాలిని అడిగాడు. ఇది ఏం చెప్పిందో, ఆయన టోపీ తీసి తల గోక్కున్నాడు.

"ఏం చెప్పావే?"

"యూ ఆర్ వాటరింగ్ ది ఎలక్ట్రిసిటీ" అంది.

దాంట్లో అబద్ధమేముంది? కాకపోతే ఆ దేశంలో భూమి దాహమని ఎప్పుడూ అడగదు. నీళ్ళు పోస్తే పైకి పొంగి నా చెప్పుల్లోకి వచ్చేవి. కరెంటు మాత్రం నాగాలేకుండా పోతూనే ఉంది.

అలా ఎన్ని పొద్దులు గడిచాయో, ఒకనాడు మా అమ్మాయి డ్యూటీ నుంచి వచ్చింది. వచ్చేసరికి కొంప ఇలా ఉంది: అప్పుడే కరెంటు పోయింది. అల్లుడుగారు మెట్ల దగ్గర ఫోనులో లెటర్‌కెన్నీ ఆయనతో గట్టిగా వాదిస్తున్నారు. పాట ఆగిపోయిందని మనవరాలు ఏడుస్తోంది. నేను పెరటి తలుపు దగ్గర గొడుగూ చెంబూ పట్టుకుని నిలబడ్డాను. మా అమ్మాయి గుమ్మంలో నిలబడి మమ్మల్ని వరసగా చూసింది. దాని కళ్ళు చూస్తే భయమేసింది, లోపలికి పోయిన కళ్ళు, చుట్టూ మాస్కు ఒరుసుకుపోయిన గీతలు.

"నాకోసమేనా ఇదంతా?" అంది.

"నీకోసమే" అన్నారు అల్లుడుగారు, ఫోను చెవి దగ్గరే పెట్టుకుని.

అది మంచం మీది రజాయి లాక్కుని, దిండు చంకలో పెట్టుకుని, నన్ను తప్పుకోమని పెరట్లోకి వెళ్ళింది. షెడ్డు తలుపు తీసింది. బల్ల కింద హీటరు కాలితో అవతలికి నెట్టి, ఎక్స్‌టెన్షన్ బాక్సు బయటికి విసిరేసి, సైకిలు పక్కన అట్టపెట్టెలు పరుచుకుంది. తలుపు వేసుకుంది. లోపల గొళ్ళెం పడ్డ చప్పుడైంది.

మేం ముగ్గురం ఆ తలుపు వైపే చూస్తూ నిలబడ్డాం. నిద్రకి కరెంటు అక్కర్లేదు. చీకటి కావాలి, అది షెడ్డులో కావలసినంత ఉంది. ఇన్ని రోజులూ షెడ్డుకి వెళ్ళాల్సింది గొంతు అనుకున్నాం.

అల్లుడుగారు తలుపు దాకా వెళ్ళి, "చలేస్తుంది, కనీసం హీటరైనా..." అంటూ చెయ్యెత్తారు. నేను ముందుకెళ్ళి అడ్డం నిలబడ్డాను.

"తలుపు మీద చెయ్యి వేస్తే ఊరుకోను."

"అది కాదు అత్తయ్యగారూ, షెడ్డులో ఎలా..."

"ఎలాగో అది చూసుకుంటుంది. మీరు లోపలికి పోయి, ఎంత గొంతు కావాలంటే అంత గొంతుతో ఉద్యోగం చేసుకోండి."

సాయంత్రం దాకా తలుపు తెరుచుకోలేదు. తెరుచుకున్నాక బయటికొచ్చిన మనిషికి చెంప మీద అట్టపెట్టె గీతలు పడి ఉన్నాయి. అన్నం పెడితే గిన్నె ఖాళీ చేసింది. ఎన్నాళ్ళకో అలా తినడం చూశాను. మర్నాటికి పరుపు షెడ్డులోకి వెళ్ళింది, వేడినీళ్ళ సంచీ వెళ్ళింది, కిటికీకి నా పాత చీర అడ్డం కట్టాను. ఆసుపత్రి నుంచి వచ్చి అక్కడే ఉంటే ఇంట్లోవాళ్ళకి అంటదు కూడా అని అల్లుడుగారు గ్రూపులో రాశారు, ముందునుంచీ తన ఆలోచన అదే అన్నట్టు. అందరూ బొటనవేళ్ళు ఎత్తారు.

నేను పగలు షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేదాన్ని. ఒకరోజు పక్కింటి ముసలాయన గడ్డి కోసే మిషను బయటికి తీసి తాడు లాగాడు. భూమి అదిరింది. నేను గోడ దగ్గరికి పరుగెత్తి, షెడ్డు చూపించి, చెంప కింద అరచెయ్యి పెట్టి కళ్ళు మూశాను. ఆయనకి వెంటనే అర్థమైంది. మిషను ఆపి, చప్పుడవుతుందేమోనని చక్రాలు కూడా నేలకి తగలకుండా ఎత్తి పట్టుకుని తీసుకెళ్ళిపోయాడు. పెరడంతా నిశ్శబ్దం. ఒక్క పిట్ట కూడా లేదు.

అప్పుడు మా ఇంటి కిటికీలోంచి వినబడింది: "నా గొంతు వినబడుతోందా? అందరికీ వినబడుతోందా?"

వెళ్ళి బయటినుంచి ఆ కిటికీ మూసేశాను.