బావ సైకిలు సీటు ఎవరు దించారు?

ఆ రోజుల్లో మా ఇంట్లో ఏ వస్తువు కనబడకపోయినా, కనబడకూడని చోట ఏది కనబడినా అందరూ ముందు నా మొహం వైపు చూసేవారు. వాళ్ళనీ తప్పు పట్టలేం లెండి. అక్క పెళ్ళిలో బావ వాచీని గంట ముందుకు తిప్పేసి, ముహూర్తం దాటిపోతోందని పెళ్ళికొడుకుని సగం తడిసిన బట్టలతో విడిదింట్లోంచి పరుగు పెట్టించిన ఘనుణ్ణి. (ఫొటోగ్రాఫరు దాన్ని కూడా వదల్లేదు. ఆల్బమ్‌లో ఆ రెండు పేజీలూ ఇప్పటికీ జిగురుతో అంటించేసి ఉంటాయి.) అలాంటి పేరు ఒకసారి వచ్చిందంటే, చేసినవే కాదు, చెయ్యనివి కూడా మన లెక్కలోనే పడిపోతాయి. వాటిలో ఒకటి మాత్రం ఇన్నేళ్ళయినా నా లెక్కలోంచి చెరిగిపోలేదు. నిజం చెప్పాలంటే, చెరిగిపోకుండా నేనే చూసుకున్నాను.

పదో తరగతి దగ్గర నేను చదువుకి నమస్కారం పెట్టేశాను. (చదువు కూడా నాకు అంతే మర్యాదగా ప్రతినమస్కారం చేసింది.) నాన్న నన్ను రొయ్యల చెరువు గట్టు మీద రాత్రి కాపలాకి పెట్టాడు. అక్కడ మనిషి అన్నవాడు కనబడడు, వేళాకోళం ఆడదామంటే దోమలు తప్ప ఎవరూ దొరకరు. అక్క జాలిపడి నన్ను భీమవరంలో తనింటికి తెచ్చుకుంది. బావ అక్కడ ఇంజనీరింగ్ కాలేజీలో లెక్చరరు. పరీక్ష హాల్లో చీటీలు పట్టడంలో ఆయనది అందె వేసిన చెయ్యి. ఫలానా హాల్లో ఆయనకి డ్యూటీ పడిందని తెలిస్తే ఆ గదిలో కుర్రాళ్ళు చచ్చినట్టు చదువుకుని వచ్చేవారట. ఇంట్లో కూడా అదే చూపు. పాలు వాసన చూసిగాని కాఫీ కలపనివ్వడు. కరోనా ఇంకా ఈ లోకం మొహం చూడని రోజుల్లోనే ఆయన బ్యాగులో శానిటైజర్ సీసా ఉండేది.

అలాంటి మనిషికి డాక్టరుగారు సుగరు గుమ్మం దాకా వచ్చి నిలబడిందని చెప్పారు. బావ దాన్ని గుమ్మంలోంచే తరిమికొట్టాలని ముందు నడక మొదలుపెట్టాడు, తర్వాత పరుగు, ఆ తర్వాత కాలవలో ఈత. చివరికి ట్రయథ్లాన్ అన్న మాట ఇంట్లోకి వచ్చింది. అంటే ఈత, సైకిలు, పరుగు, మూడూ ఒకదాని వెంట ఒకటి ఆపకుండా చేసే పోటీ. రాజమండ్రిలో గోదారి గట్టు మీద పెడుతున్నారట. ఇది విని బావ వాళ్ళమ్మగారు, అంటే మా అత్తయ్య, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

"మూడూ ఒక్కరోజే ఎందుకురా? వెనకాల ఎవరన్నా తరుముతున్నారా?"

దానికి సమాధానంగా పెద్ద అట్టపెట్టె వచ్చింది. అందులో పోటీల సైకిలు. రేపు కోర్టుకి వెళ్ళాల్సొస్తుందేమోనని బావ పెట్టె విప్పడం మొత్తం ఫోనులో వీడియో తీయించాడు. విప్పాక చూస్తే స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డులు లేవు, క్యారేజీ లేదు. అవి సరే, పెడళ్ళు కూడా లేవు! బావ కంపెనీకి ఫోను చేశాడు. "ఈ సైకిళ్ళకి పెడళ్ళు ఎవరివి వాళ్ళే విడిగా కొనుక్కుంటారండి" అన్నాడట అవతలాయన. బావ ఫోను పెట్టేసి "కొరియరువాడూ వీడూ కలిసిపోయారు" అని తేల్చేశాడు. అత్తయ్య సైకిలు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఒక్క చేత్తో దాన్ని పైకెత్తి చూసింది. "ఇందులో ఇనుం కూడా కాజేశార్రా" అంది.

పెట్టె అడుగున చిన్న షాంపూ ప్యాకెట్టు లాంటిది ఒకటి దొరికింది. బావ దాన్ని చించి, లోపలి ముద్దని వేళ్ళ మధ్య నలిపాడు. ఆయన కళ్ళు మెరిశాయి. "చూశావా, గరగర్లాడతంది! గ్రీజులో ఇసక కలిపి పంపిస్తున్నారు. కల్తీ!" అని గుమ్మం అవతలికి విసిరేశాడు. నేను ఏరుకుని నా పనిముట్ల సంచీలో వేసుకున్నాను. (చెరువు గట్టు మీద బతికినవాడు ఏదీ పారెయ్యడు. చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్ అర్ధరాత్రి ఆగిపోతే ఏ ముక్క దేనికి పనికొస్తుందో ఎవరికి తెలుసు.)

పెడళ్ళు విడిగా కొనుక్కొచ్చి బిగించాక, దాన్ని బావ ఒంటికి సరిపెట్టడం. అదొక పెళ్ళి సందడి. బావ ఎక్కి కూర్చుంటే నేను గోడవారగా సైకిలు పట్టుకున్నాను. అక్క జాకెట్లు కొలిచే టేపుతో ఆయన కాళ్ళు కొలిచింది. మోకాలు పెడలుకి సూటిగా పైన ఉందో లేదో చూడ్డానికి దారానికి నట్టు కట్టి మోకాలి దగ్గర్నుంచి వేలాడదీశాం. హ్యాండిలు మధ్యలోంచి ముందుకి రెండు కొమ్ములు పొడుచుకొచ్చి ఉంటాయి. మోచేతులు ఆనించి, వాటిని పట్టుకుని, వీపు బల్లపరుపుగా వంచి, తల మాత్రం పైకెత్తాలి. "ఏమ్మా, మీ ఆయన ఎవరి కాళ్ళ మీద పడుతున్నాడు?" అని అత్తయ్య అక్కని అడిగింది. చివరికి సీటు ఎత్తు కుదిరింది. సీటు కింది గొట్టం ఫ్రేములోకి దిగే చోట, ఆ ఎత్తుకి గుర్తుగా బావ తెల్లటేపు అంటించాడు. సీటుగొట్టం బోల్టు బిగించడానికి ఆయన దగ్గర ఒక రెంచి ఉంది. బిగింపు చాలనగానే అది 'టిక్' మంటుంది. ఆపైన ఒక్క పిసరు బిగించినా గొట్టం పగులుతుందట.

ఆరోజే బావ నాతో అన్నాడు. "ఒరేయ్ బామ్మర్దీ, ఈ పోటీ సవ్యంగా అయిందనుకో, వీధి వైపు గదిలో సైకిళ్ళ షాపు పెడదాం. తాళాలు నీకే ఇస్తాను. ఈలోగా నీ వేషాలేవన్నా వేశావో, మళ్ళీ చెరువు గట్టే."

నేను ఆ గది గోడల మీద సైకిళ్ళు ఎక్కడ వేలాడదియ్యాలో అప్పుడే గుర్తులు పెట్టేసుకున్నాను.

మర్నాడు బావ యనమదుర్రు కాలవ గట్టు మీద ఒక చుట్టు తిరిగొచ్చాడు. వెళ్ళేటప్పుడు రేసులో ఆటగాడిలా వెళ్ళాడు, వచ్చేటప్పుడు మూడుచక్రాల బండి మీద పిల్లాడిలా మోకాళ్ళు బయటికి పెట్టుకుని వచ్చాడు. సీటు దిగిపోయి, టేపు ఫ్రేములోకి మునిగిపోయి ఉంది. లేపి మళ్ళీ బిగించాం. టిక్. ఆ మర్నాడూ దిగింది. మళ్ళీ టిక్. మళ్ళీ దిగింది. బావ సీటు వంక చూశాడు, తర్వాత నావంక చూశాడు.

"నేను కాదండి" అన్నాను.

"నువ్వని నేనన్నానా?"

"అనలేదండి."

"మరి అడక్కుండానే కాదంటున్నావేంట్రా?"

ఇన్విజిలేటరు పద్ధతి ఇదే. జవాబు చెప్పినా దొరుకుతాం, చెప్పకపోయినా దొరుకుతాం. రాత్రిళ్ళు ఎవరో బోల్టు వదులు చేస్తున్నారని తేల్చి, బావ సైకిలుని సామాన్ల గదిలో పెట్టి తాళం వేశాడు. తాళంచెవి తన దిండు కింద. సైకిలు జోలికి ఎవ్వరూ వెళ్ళకూడదని ఇంటిల్లిపాదిచేతా ఒట్టు వేయించుకున్నాడు. అయినా సీటు తన దారిన తను దిగుతూనే ఉంది. నాకు అక్క మీద అనుమానం వచ్చింది (ఆదివారం సినిమాలన్నీ ఆ సైకిలు మింగేసింది మరి). అక్కకి నామీద ఎలాగూ ఉంది. ఇక నామీద నాకే అనుమానం మొదలై, నిద్రలో లేచి నేనే దించుతున్నానేమోనని కాలిని మంచంకోడుకి కట్టుకుని పడుకున్నాను. పొద్దున్నే అది మర్చిపోయి లేవబోయి బోర్లా పడ్డాను. ఆ చప్పుడికి పరుగెత్తుకొచ్చిన బావ "కాలికి తాడేంట్రా? ఇదొక నాటకమా?" అన్నాడు.

చివరికి ఆయన అసలైన వల పన్నాడు. సైకిలు చుట్టూ బియ్యప్పిండి చల్లి తాళం వేశాడు. ఎవడొచ్చినా అడుగులు పడాల్సిందే. తెల్లారి తలుపు తీస్తే అడుగుల్లేవు. పిండి ఉన్నచోట చక్కటి పద్మం ముగ్గు, దాని మధ్యలో సైకిలు! బావ మొహం ఎర్రబడిపోయింది.

"నన్ను ఎగతాళి చేస్తున్నావురా!"

"బావగారూ, నాకు ముగ్గు వెయ్యడం వచ్చేంటండీ?"

"నీకు రానిదేముంది?"

అప్పుడు వంటింట్లోంచి అత్తయ్య గొంతు వినబడింది. "ముగ్గు నేనేశాన్రా. కందిపప్పుకని ఎల్తే పిండి ఒలకబోసేసుంది. తొక్కుతామేంటి? ఒక తీరుగా దిద్దాను." గదికి ఇంకో తాళంచెవి ఆవిడ బొడ్లో గుత్తికి ఉంటుందన్న సంగతి మేమంతా మర్చిపోయాం. బావ నెత్తి కొట్టుకుని "నా సాక్ష్యమంతా తుడిచేశావే అమ్మా" అన్నాడు. అంతే తప్ప ఆవిణ్ణి ఇంకో మాట అడగలేదు. పరీక్ష హాల్లో అందరి జేబులూ వెతికేవాడు కూడా ప్రిన్సిపాలుగారి జేబు వెతకడు కదా.

పోటీ రోజు చీకటితో కారులో బయల్దేరాం. గోదారి స్నానం కలిసొస్తుందని అత్తయ్య కూడా వచ్చింది. గట్టు మీద సైకిళ్ళన్నీ వరసగా నిలబెట్టారు. అది చిన్న పోటీ, ఇంటివాళ్ళు లోపలికి వచ్చినా అడిగేవాడు లేడు. బావ సీటు టేపు దగ్గర సరిచేసి టిక్ మనిపించి, "ఇక్కడే ఉండు. కాని ముట్టుకోకు" అని నాకు చెప్పి, చేతి మీద నెంబరు వేయించుకోవడానికి వెళ్ళాడు. అత్తయ్య స్నానం చేసి తడిజుట్టు ముడేసుకుంటూ వచ్చింది. అటూ ఇటూ చూసింది. బొడ్లోంచి చిన్న కొబ్బరినూనె సీసా తీసి, సీటుగొట్టం చుట్టూ నాలుగు చుక్కలు వేసి చెంగుతో సుతారంగా రుద్దింది.

"ఏం చేస్తున్నారత్తయ్యా?"

"నూనిరా. రోజూ రాస్తన్నాను. వాడి చెమటంతా కారి ఈ గొట్టమ్మీదే పడతంది. ఉప్పు తగిల్తే ఇనుం ఆగుద్దా? చెరువుల కాడ ఉన్నోడివి, నీకు తెల్దా?"

నాకు తెలీకేం! ఉప్పునీటి చెరువుల మీద ఇనుం కనబడితే నూనో గ్రీజో రాయనివాడు మా వైపు మనిషే కాడు. "మీ మావయ్యగారి సైకిలు ఇలాగే పోయింది" అంది అత్తయ్య, సీసా మూత పెడుతూ. "గొట్టం లోపల తుప్పు తినేసి రోడ్డు మీద రెండు ముక్కలైపోయింది. రెండు పళ్ళు రాలిపోయాయి. ఆ మడిసి మళ్ళీ సైకిలెక్కలేదు."

"ఇది ఇనుం కాదత్తయ్యా. కార్బనండి. అంటే... బొగ్గులాంటిది."

"బొగ్గా!" ఆవిడ గుండె మీద చెయ్యేసుకుంది. "అంత పోసి బొగ్గు కొన్నాడా వీడు?"

"దీనికి తుప్పు పట్టదండి. నూనె తగిలితే మాత్రం జారిపోద్ది. సీటు దిగేది అందుకేనండి."

ఆవిడ మొహంలో రంగు పోయింది. "నేనా దించేది? వాడు ఒట్టేయించుకున్నాడ్రా. నన్ను ముట్టుకోవద్దన్నాడు... వాడికి చెప్పకు నాయనా."

అవతల మైకులో ఈతగాళ్ళని పిలుస్తున్నారు. ఇక ఆలోచించడానికి వ్యవధి లేదు. బోల్టు వదులు చేసి సీటుని గొట్టంతో సహా పైకి లాగేశాను. బావ బ్యాగులోంచి శానిటైజర్ తీసి నూనె పోయేదాకా తుడిచాను. అయినా నమ్మకం కుదరలేదు. చెరువు గట్టు బురదలో ట్రాక్టరు చక్రం జారుతుంటే కింద ఇసక పోస్తాం. అది గుర్తొచ్చింది. సంచీలోంచి ఆ కల్తీ గ్రీజు ప్యాకెట్టు తీసి గొట్టానికి పట్టించాను. అది జారడానికి కాదు, జారకుండా ఉండడానికే పంపారని అప్పుడు వెలిగింది. సరిగ్గా అప్పుడే వెనకనుంచి కేక.

"దొరికావురా!"

తల మీద రబ్బరు టోపీ, నుదుటి మీద నీటి కళ్ళద్దాలు, చేతి మీద నెంబరు. మా బావ. నా చేతిలో ఆయన సీటు. పక్కన అత్తయ్య సీసాని గుప్పిట్లో దాచుకుని, బడిలో దెబ్బలకి భయపడే పిల్లలా నావంక చూస్తోంది. నా కళ్ళముందు వీధి వైపు గది కనబడింది, దాని వెనకే చెరువు గట్టూ దోమలూ కనబడ్డాయి.

"అవునండి బావగారూ" అన్నాను. "రోజూ నేనే దించుతున్నాను."

"ఎందుకురా?"

"సరదాకండి."

ఆయనకి కోపం రావాలి కదా? రాలేదు. మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి చీటీ దొరికింది! సీటు నా చేతిలోంచి లాక్కుని, గొట్టంలోకి దింపి, టేపు దగ్గర నిలబెట్టి టిక్ మనిపించి, "ఇక చెరువు గట్టే" అని ఆనందంగా గోదాట్లోకి దిగిపోయాడు.

ఈతలో ఆయన చివర్నుంచి లెక్కపెడితే ముందున్నాడు. సైకిలు మీద మాత్రం చూడాలండీ! ఆ కొమ్ములు పట్టుకుని, వీపు వంచి, గట్టు మీద ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ పోయాడు. అత్తయ్యా నేనూ ఆయన్ని చూడలేదు, ఆ తెల్లటేపునే చూశాం. అది ఫ్రేము అంచునే ఉంది, వెంట్రుకవాసి కదల్లేదు. పరుగు కూడా ముగించుకుని, మెళ్ళో పతకం వేసుకుని వచ్చి ఆయన నాతో అన్న మొదటి మాట, "చూశావా? పట్టుకున్నాను కాబట్టే ఇవాళ దిగలేదు."

తిరుగు ప్రయాణంలో రావులపాలెంలో ఆగినప్పుడు అత్తయ్య దిగి పూతరేకులు కొని, పెట్టె మొత్తం నా ఒళ్ళో పెట్టింది. నేను మనసులో బట్టలు సర్దుకుంటున్నాను. టీ తాగుతూ బావ నన్ను ఎగాదిగా చూశాడు.

"తాళం వేశాను. తాళంచెవి నా దిండు కింద. పిండి చల్లాను, ఒక్క అడుగు పడలేదు. ఎలా దించావురా?"

"అది చెప్పకూడదండి" అన్నాను. (చెప్పడానికి ఏముంటే కదా!)

"ఇంత పనితనం నా హాల్లో ఏ కుర్రాడి దగ్గరా చూళ్ళేదు." ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "నీలాంటివాణ్ణి దూరంగా వదిలెయ్యడం ప్రమాదం. కళ్ళెదురుగా ఉండాలి. షాపులో కూర్చో."

అత్తయ్యకి టీ కొరబోయింది. నేను వీపు మీద తట్టాల్సొచ్చింది.

ఇవాళ్టికీ ఆ షాపులోనే కూర్చున్నాను. సాయంత్రం బావ కాలేజీ నుంచి వస్తూనే సైకిళ్ళ సీట్లన్నీ టేపుతో కొలుస్తాడు. అన్నీ సరిగ్గానే ఉంటాయి, ఆయనకి అది ఇంకా అనుమానం. గుమ్మం పక్కన మాత్రం ఒక పాత సైకిలుంది. స్టాండూ, బెల్లూ, క్యారేజీ, అన్నీ ఉన్నది. అమ్మకానికి కాదు. మధ్యాహ్నం బావ లేని వేళ చూసి అత్తయ్య వస్తుంది. "ఇది ఇనుమేనా?" అని రోజూ అడుగుతుంది. "ఇనుమేనండి" అని రోజూ చెప్తాను. ఇద్దరం కలిసి దానికి నూనె రాస్తాం.

ఇది రాస్తానని అత్తయ్యని అడిగితే "రాసుకోరా, వాడు ఎలాగూ నమ్మడు" అని నవ్వేసింది. నిజమే. ఇది చదివి మా బావ "ఇన్నేళ్ళకి మా అమ్మ మీదికి నెడుతున్నావా?" అంటాడు. అన్నా నాకు దిగుల్లేదు. గోదారి గట్టు మీద చేతిలో సీటు పట్టుకుని నిలబడ్డ ఆ కుర్రాడంటే నాకు కాస్త ముచ్చట. వాడి జన్మలో నిజం చెప్పినప్పుడు ఒక్కరూ నమ్మలేదు. ఆ ఒక్క అబద్ధాన్ని మాత్రం అడుగడుగునా అనుమానించే మనిషి మారుమాట లేకుండా నమ్మేశాడు.