చప్పట్ల కింది మాట

ఆరో తరగతికి తండా నుంచి మిర్యాలగూడ హాస్టల్‌కు వచ్చినప్పుడు నాకు తెలుగు సగమే వచ్చు. మా తండా గరిడేపల్లి దిక్కు. ఇంట్ల మాట్లాడుకునేది లంబాడీ భాష. ఒకనాడు సెలవు చీటీ ఇచ్చుకుంట తెలుగు సారుతోని "మా అమ్మ వచ్చిండు సార్" అన్న. సారు చీటీ పక్కకు పెట్టి, నన్ను భుజం పట్టి క్లాసు దిక్కు తిప్పిండు.

"మీ అమ్మకు మీసాలున్నయా?" అని అడిగిండు.

క్లాసంత నవ్వింది. మా అమ్మ కిటికీ బయటనే నిలబడి ఉన్నది. ఎందుకు నవ్వుతున్నరో ఆమెకు అర్థం కాలె. తను కూడ నవ్వింది.

ఆ తర్వాత రెండేండ్లు అదొక ఆట అయింది. పాఠం చెప్పుడు విసుగొస్తే సారు నన్ను లేపేటోడు. "మీసాలమ్మ బిడ్డా, ఒక ముచ్చట చెప్పు" అనేటోడు. ఏం చెప్పినా ఎక్కడో ఒక తప్పు దొర్లేది. ఇగ నోరు మూసుకునుడు నేర్చుకున్న. ఇంటర్‌ల, డిగ్రీల కూడ లేచి ఒక్క జవాబు చెప్పలె. చివరికి నోరు తెరిచే అవసరం లేని పనే వెతుక్కున్న. సూర్యాపేటల ఒక స్టూడియోల పెండ్లి వీడియోలకు సౌండు సరిచేసే పని.

మొదట్ల సౌండంటే మొత్తం పెంచుడు, లేకుంటే మొత్తం తగ్గించుడే. మాట పెంచితే దాంతోపాటు జనరేటర్ చప్పుడు కూడ పెరిగేది. ఇప్పుడొచ్చిన సాఫ్ట్‌వేర్ అట్ల కాదు. ఒకే మైకుల పడ్డ చప్పుళ్లను విడదీసి వరుసలల్ల పెడ్తది. ఫ్యాను ఒక వరుసల, చప్పట్లు ఇంకో వరుసల, ఎవరి గొంతు వాళ్ల వరుసల. కావాలన్నది పెంచొచ్చు, అక్కర్లేనిదాన్ని ఆనవాలు లేకుండ తీసెయ్యొచ్చు.

పోయిన ఏడాది కోదాడ నుంచి ఒక ఫొటోగ్రాఫర్, ఎవరో పంతులు రిటైర్మెంట్ ఫంక్షన్ వీడియో పంపిండు. తెర మీద శాలువ కప్పుకున్నది మా తెలుగు సారే. జుట్టు తెల్లబడ్డది గని గొంతు అదే. "పిల్లలను కన్నబిడ్డల లెక్క చూసుకున్న" అంటున్నడు సారు. జనం చప్పట్లు కొడుతున్నరు.

ఆ చప్పట్ల కింద ఇంకో గొంతు ఉన్నది. స్టేజీ మీద టేబుల్ మైకు ఆపుడు మరిచిపోయినట్టున్నరు. సారు పక్క కుర్చీల కూసున్న ఇంకో పంతులు తనల తనే అనుకున్నట్టు మెల్లగ అన్నడు. "తండా పిల్లలను ఏడిపించి క్లాసును నవ్వించిండు. ముప్పై ఏండ్లు ఇదే పాఠం."

అట్లాంటి మాటలు తీసేసుడే నా పని. రెండు నిమిషాలు పట్టది. నేను తియ్యలె. చప్పట్లను కిందికి గుంజిన, ఆ గొంతును పైకి లేపిన. మరీ లేపితే కావాలని చేసినట్టు తెలుస్తది. అందుకే కొంచెం కొంచెంగ పెంచి, ఇంట్ల టీవీ ముంగట కూసున్నోళ్లకు మాటమాట వినబడేకాడ ఆపిన. పది పన్నెండు సార్లు విన్న. కడుపు నిండినట్టయింది. అబద్ధమెందుకు, ఏ పెండ్లి వీడియోకూ నేనంత మనసు పెట్టి పని చెయ్యలె.

పదిహేను రోజులకు ఒక మధ్యాహ్నం సారు ఫొటోగ్రాఫర్‌ను అడిగి మా స్టూడియోకు వచ్చిండు. వెంట ఆయన భార్య. నన్ను గుర్తుపట్టలె.

"వీడియోల ఎవడో ఏందో వాగిండమ్మా. చుట్టాలందరి ముంగట వినబడ్డది" అన్నడు. "ఆ గొంతు ఒక్కటే వినిపించు. ఎవడో నాకు తెలవాలె."

తీసెయ్యమని వస్తడనుకున్న. మనిషిని పట్టుకోవాలని వచ్చిండు. హెడ్‌ఫోన్స్ ఇచ్చి, మిగిలిన చప్పుళ్లన్నీ ఆపి, ఆ గొంతు ఒక్కదాన్నే వదిలిన. సారు కండ్లు మూసుకొని విన్నడు. మళ్ల పెట్టమన్నడు. మూడోసారికి హెడ్‌ఫోన్స్ తీసి పక్కకు పెట్టిండు.

"వాడే" అన్నడు భార్యతోని. "ఒక్క బండి మీద బడికి పోయినోళ్లం."

ఆమె కుర్చీల నుంచి కదలలె. "ఆయన అబద్ధమేమన్నడు?" అన్నది.

అప్పుడు నేను నోరు తెరిచిన. "మీ అమ్మకు మీసాలున్నయా అని మీరు అడిగింది నన్నే సార్."

సారు నా దిక్కు తిరిగిండు. "ఏ బ్యాచమ్మా నువ్వు?" అన్నడు. నాటకం గాదు, ఆయనకు నిజంగనే గుర్తులేదు. నా రెండేండ్లు ఆయన దగ్గర ఒక్క దినమంత కూడ మిగల్లె. ఆ గొంతును ఇంకా గట్టిగ పెంచాల్సింది అనిపించింది.

"ఆ మాట అంత గట్టిగ వినబడేటట్టు నువ్వే చేసినవా?"

"నేనే చేసిన సార్."

సారు లేచి మెట్లు దిగిపోయిండు. ఆయన భార్య ఆగింది. "ఆ మాట తీసేసి ఇంకోటి ఇయ్యి బిడ్డా. మనుమలు సూస్తరు" అన్నది. ఆమె అడిగింది కాబట్టి తీసి ఇచ్చిన.

కొన్ని నెలలకు ఫొటోగ్రాఫర్ చెప్తే తెలిసింది. సారు మిర్యాలగూడ పోయి, ఆ రెండో పంతులు ఇంటి ముందట నిలబడి వాడకట్టంత వినేటట్టు తిట్టిండట. ఆ పంతులు బిడ్డ పెండ్లికి సారు పోలేదు, పాత పంతుళ్లను కూడ పోనియ్యలేదట. ఆ ఫంక్షన్ల మా తండా పిల్లల దిక్కు ఒక్క మాటన్నది ఆ పంతులు ఒక్కడే. ఆయనకేమైతదో అని నేను ఒక్కసారి కూడ ఆలోచించలె.

ఆదివారం బస్సెక్కి ఆ పంతులు ఇంటికి పోయిన. జరిగిందంతా చెప్పిన.

"అన్నది నేనే గదా బిడ్డా" అన్నడు. "మొఖం మీద అనాల్సింది. ఇన్నేండ్లు పక్కనే కూసొని అనలె."

"నా వల్ల మీ దోస్తు పోయిండు సార్."

"పోయిండు. సాయంత్రమైతే ఏం తోస్తలేదు" అని నిజమే చెప్పిండు. తర్వాత అడిగిండు, "నీ కోపం పోయిందా మరి?"

"మీకు చేసినదానికి బాధున్నది. ఆయన మీద కోపం మాత్రం పోలె."

"పోకుంటే ఉండనియ్యి" అని, చాయ్ పెట్టమని లోపలికి కేకేసిండు.