వెనకైతే వెనకే

ల్యాబ్‌లో అందరూ ఆమెను రేడియో అంటారు. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తుకురాదు.

పళ్ళ సెట్లు తయారుచేసే చిన్న ల్యాబ్ అది. ఇరుకు గదిలో బల్లలు, ఎప్పుడూ కారుతూ ఉండే కుళాయి, మూలన గిర్రున తిరిగే పాలిష్ చక్రం, ఎంత ఊడ్చినా మళ్ళీ వచ్చి వాలే తెల్లటి పొడి. డాక్టర్లు తీసిన నోటి అచ్చులు డబ్బాల్లో ఇక్కడికి వస్తాయి. డబ్బా మీద నంబరే ఉంటుంది, పేరుండదు. "ఎవరివో అడగొద్దు, తెలిసినా బయట అనొద్దు" అని పనిలో చేరిన రోజే ఓనరు చెప్పేస్తాడు. ఆయన్ని అందరూ బాబాయ్ అంటారు. ఏ విషయానికీ కోపం రాని మనిషి, ఈ ఒక్క విషయంలో మాత్రం పనిలోంచి తీసేయడానికి కూడా వెనకాడడు.

అచ్చులో ప్లాస్టర్ పోస్తున్నా, గులాబీ రంగు మైనంలో పళ్ళు వరసగా గుచ్చుతున్నా రేడియో నోట పాట ఆగదు. పాడేవన్నీ ఇంచుమించు పెద్దావిడ పాటలే. ఆ గాయనిని అభిమానులంతా అలాగే పిలుచుకుంటారు. డెబ్బై దాటిన మనిషి. తీపి గొంతు అనలేం. బరువైన తలుపు మెల్లగా తెరుచుకుంటున్నట్టుంటుంది, తెరుచుకున్నాక లోపల ఏముందో చూడకుండా ఎవరూ వెళ్ళలేరు. ఆవిడ పాటల్లో అందరికీ బాగా తెలిసిన పాట ఒకటుంది. దాని మొదటి అక్షరం "స". పెద్దావిడ దాన్ని వెంటనే వదిలిపెట్టదు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరగబోయే ముందు వచ్చే చప్పుడులా సన్నగా మొదలుపెట్టి, దాని వెనకాల గొంతు మొత్తాన్ని లాక్కొస్తుంది. రేడియో రెండేళ్ళ కూతురు ఆ "స" వినగానే బొటనవేలు నోట్లో పెట్టుకుని నిద్రకు సిద్ధమవుతుంది. వేరే పాట పెడితే మోసం చేశారన్నట్టు లేచి కూర్చుంటుంది.

ఇంత అభిమానం ఉండీ, ఆ గొంతును ఎదుట కూర్చుని విన్నది ఒక్కసారీ లేదు.

కచేరీలకు వెళ్ళలేదని కాదు. మైదానంలో వానలో తడుస్తూ, తలమీద ప్లాస్టిక్ కుర్చీ బోర్లించుకుని వేణువు విన్నది. తనకంటే జానెడు పొడుగున్న మనిషి వెనక నిలబడి, ఆయన చొక్కా మీది గళ్ళు లెక్కపెడుతూ ఒక బ్యాండు మొత్తం విన్నది. పెద్దావిడ కచేరీకి మాత్రం టిక్కెట్టు దొరకదు. ఒకసారి దొరక్కపోయినా వెళ్ళింది. హాలు బయట గోడకు చెవి ఆనించి నిలబడింది. డ్రమ్ము తప్ప ఏమీ వినబడలేదు. కాపలా మనిషి చూసి, "ఏమ్మా, గోడ ఏమంటోంది?" అన్నాడు. "గుండె కొట్టుకుంటోంది, ఇంకా మాట రాలేదు" అంది రేడియో. ఆయన నవ్వి, కూర్చోమని తన స్టూలిచ్చాడు.

ఇంకోసారి నిజంగానే దొరికింది. వెళ్ళాల్సిన రోజు పొద్దున కచేరీ రద్దయిందని మెసేజ్ వచ్చింది. కారణం రాయలేదు. కారణం చెప్పకపోతే లోకం ఊరుకుంటుందా? గొంతు పోయిందన్నారు కొందరు. పొగరన్నారు కొందరు. "పాత రికార్డు పెట్టి పెదాలు ఆడిస్తుందిట, దొరికిపోతానని భయపడింది" అన్నాడు మరిది, రేడియోను ఏడిపించడానికి. ఆ పూట అతనికి టీ దొరకలేదు.

చాలాకాలం ఏ కబురూ లేదు. తర్వాత ఒక ప్రకటన వచ్చింది. పెద్దావిడ ఇంకొక్కసారి పాడుతుంది, ఆ తర్వాత వేదిక ఎక్కదు.

టిక్కెట్లు అమ్మే రోజు రేడియో కాలు ఒక చోట నిలవలేదు. ఇప్పుడు వినకపోతే ఇక ఎప్పటికీ లేదు. అసలు ఆ గొంతు ఉందో లేదో కూడా తెలియదు. పైగా బాబాయ్ అర్జంటు అచ్చులు బల్ల మీద పెట్టాడు. ప్లాస్టర్‌లో నీళ్ళు పడ్డాక అది ఎవరి మాటా వినదు. చేతిలో గిన్నె ఉండగానే రాయైపోతుంది. అందుకని కంప్యూటర్ ముందు మరిదిని కూర్చోబెట్టి, తన ఫోను స్పీకర్‌లో పెట్టి బల్ల అంచున నిలబెట్టింది.

"వదినా, ఇంకా తిరుగుతూనే ఉంది."

"ఏం తిరుగుతోంది?"

"చక్రం. మనం క్యూలో ఉన్నామట. మన ముందు ఒక ఊరంతా ఉంది."

"ఏదీ నొక్కకు. నొక్కితే మళ్ళీ మొదటికొస్తుంది."

"నొక్కట్లేదు తల్లీ. వేళ్ళు పిడికిట్లో పెట్టుకుని కూర్చున్నా. ముక్కు దురద పెడుతున్నా గోక్కోవట్లేదు."

రేడియో పొడిలో నీళ్ళు పోసి కలపడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే ఫోను అరిచింది.

"తెరుచుకుంది! వదినా, తెరుచుకుంది!"

"ఎక్కడున్నాయి?"

"ముందు పోయాయి. మధ్యలో... అయ్యయ్యో, చూస్తుండగానే పోయాయి. పక్కల కూడా పోయాయి. వెనక ఉన్నాయి. వెనక రెండే ఉన్నాయి!"

"వెనకైతే వెనకే! నొక్కెయ్!"

"మరీ వెనకేమో వదినా, చీమంత కనబడుతుందేమో."

"గోడకి ఆనుకున్నా సరే, నొక్కవయ్యా బాబూ!"

పాలిష్ చక్రం ఆపి బాబాయ్ ఇటు తిరిగాడు. "ఏమ్మా, ఎవరికైనా పురుడా?"

"టిక్కెట్టు బాబాయ్!"

"ఆడపిల్లా, మగపిల్లాడా?"

"రెండు పుట్టాయి" అన్నాడు ఫోనులోంచి మరిది. గిన్నెలో ప్లాస్టర్ గట్టిపడిపోయింది. బాబాయ్ ఇంకో గిన్నె ఆమె ముందుకు జరిపాడు.

కచేరీ సాయంత్రం భర్త కూతుర్ని ఎత్తుకుని గుమ్మంలో నిలబడ్డాడు. మందు ఎక్కడుందో, దుప్పటి ఏదో, ఏడిస్తే ఏం చెయ్యాలో రేడియో మొత్తం చెప్పి, మెట్లు దిగి, మళ్ళీ ఎక్కివచ్చి ఇంకోసారి చెప్పింది. "నేను కూడా దీనికి బంధువునే. తండ్రిని" అన్నాడతను.

హాలు ముందు జనం. గేటు దగ్గర యూనిఫాం వేసుకున్న అమ్మాయి టిక్కెట్లు చూసి, "మీది ఇటు కాదండీ, వెనక గేటు" అంది. భవనం చుట్టూ తిరిగారు. జనరేటర్ లారీ దాటారు, వాద్యాల ఖాళీ పెట్టెలు దాటారు. ఇరుకు మెట్లు ఎక్కి, తెర తొలగించి లోపలికి అడుగుపెట్టారు.

రేడియోకు ముందుగా కనబడింది మనుషులు. నేల నుంచి పైకప్పు దాకా వరసలు వరసలుగా మనుషులు, అందరూ ఆమె వైపే చూస్తూ.

మరిది కాలరు సర్దుకున్నాడు. "వదినా, వీళ్ళంతా మన కోసమే వచ్చినట్టున్నారు." ఆ తర్వాత కిందికి చూశాడు. కింద డ్రమ్ముల వీపు, పియానో వీపు, మైకు స్టాండు. ఫోను తీసి టిక్కెట్టు వెతికాడు. "వదినా... 'వేదిక' అన్న మాట పై వరసలో ఉంది. 'వెనక' అన్నది కింది వరసలో ఉంది. కంగారులో నేను కిందిదే చదివాను."

వెనక అంటే హాలు వెనక కాదు. వేదిక వెనక.

రేడియో స్పీకర్ల వైపు చూసింది. కొండంత స్పీకర్లు, అన్నీ అటు తిరిగి ఉన్నాయి. పాట అటు పోతుంది. ఇటు మిగిలేది మళ్ళీ గోడే, కాకపోతే ఈసారి డబ్బిచ్చి కొన్న గోడ. ఆమె సీటు నంబరు చూసుకుని కూర్చుంది.

"తిట్టు వదినా" అన్నాడు మరిది చిన్నగా. "నువ్వు తిట్టకపోతే నాకు భయంగా ఉంది."

"తర్వాత తిడతాను. గుర్తుచెయ్యి."

దీపాలు తగ్గాయి. ఇంకా ఎవరూ రాలేదని హాలంతా అనుకుంటోంది. రేడియో కూర్చున్న చోటు నుంచి మాత్రం పక్క తెర వెనకాల సందు కనబడుతోంది. అక్కడ చీకట్లో పెద్దావిడ నిలబడి ఉంది. రికార్డుల అట్టల మీద బొమ్మల్లో చూసిన మనిషి కంటే చాలా చిన్న మనిషి. చెప్పులు విడిచి పక్కన పెట్టింది. కళ్ళు మూసుకుంది. తర్వాత కుడిచేతి బొటనవేలు నోట్లోకి పోనిచ్చి, అంగిలికి ఆనించి గట్టిగా పైకి నొక్కింది.

ఆ నొక్కుడు రేడియోకు తెలుసు. కొత్త సెట్టు పెట్టించుకున్నవాళ్ళు చెయ్యి కడుక్కున్నంత అలవాటుగా చేసే పని అది. ఆ గొంతుకు దారి ఇచ్చేది తన బల్ల మీద తయారయ్యేలాంటిదే, పళ్ళు గుచ్చి అంగిలికి అతికించే ఒక గులాబీ రంగు ప్లేటు.

ఆ క్షణంలో రద్దయిన కచేరీ సంగతి కూడా అర్థమైపోయింది. పొగరూ కాదు, గొంతు పోవడమూ కాదు. పళ్ళు మారినప్పుడు అన్నిటికంటే ముందు చెయ్యి జారేది "స". నాలుక కొసకూ ముందుపళ్ళ వెనక భాగానికీ మధ్య ఉండే సందులోంచి గాలి వెళ్తేనే ఆ అక్షరం. ఆ సందు వెంట్రుక మందం మారినా "స" పోయి ఈల వస్తుంది. మామూలు మనుషులు నాలుగు మాటలు మింగి కాలక్షేపం చేస్తారు. బతుకంతా ఒక "స" మీద నిలబెట్టుకున్న మనిషి ఏం చెయ్యాలి? ఇంట్లో తలుపులు వేసుకుని, ఒక్క అక్షరాన్ని పిల్లలా మళ్ళీ నేర్చుకోవాలి.

పెద్దావిడ వెలుగులోకి వచ్చింది. చప్పట్లు ఒక్కసారిగా లేచి ఎదురుగా వచ్చి రేడియో ముఖానికి తగిలాయి. ఆవిడ ఇన్నేళ్ళూ ఎదుర్కొన్న గాలి ఇదన్నమాట. ఇంత గాలికి ఎదురుగా ఇంత చిన్న మనిషి.

పాటలు మొదలయ్యాయి. అనుకున్నట్టే, మాటలు సగం అటే వెళ్ళిపోయాయి. అయితే ఇక్కడ కూర్చున్నవాళ్ళకు తప్ప ఎవరికీ కనబడనిది కనబడుతోంది. ఊపిరి తీసినప్పుడు పెద్దావిడ వీపు రెండు వైపులా రెక్కల్లా విచ్చుకుంటోంది. పెద్ద స్వరం పట్టుకునే ముందు మడమ నేలను తొక్కుతోంది. డ్రమ్ము వాయించే అతను ఆవిడ చేతిని కాదు, ఆ మడమనే చూస్తున్నాడు.

"వదినా, వినబడుతోందా?" అన్నాడు మరిది.

"ఉష్."

ఒక పాటలో ఎక్కడో సన్నగా ఈల వినబడింది. హాలులో ఎవరూ పట్టించుకోలేదు. రేడియో మాత్రం సీటు అంచుకు జరిగింది. ఆ పాట ఇంకా రాలేదు.

చివరికి దాని వంతు వచ్చింది. పియానో మొదటి మెట్టు వాయించగానే హాలు హోరెత్తి, వెంటనే సద్దుమణిగింది. పెద్దావిడ నీళ్ళ కోసం వెనక్కి తిరిగింది. ఇప్పుడు ముఖం ఇటు ఉంది, వీపు ఆ వేలమందికి. ఒక గుక్క తాగింది. బొటనవేలితో నొక్కింది. నాలుకను పైకి ఆనించి మింగింది. రేడియో తనకు తెలియకుండానే తానూ మింగింది. ఆ కళ్ళు ఒక్క క్షణం పైకి లేచి వెనక వరసల మీదుగా వెళ్ళాయి. చూశాయో లేదో చెప్పలేం.

పెద్దావిడ ముందుకు తిరిగి, మైకు స్టాండును రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా పక్కకు జరిపింది.

ఎంత దర్జా, మైకే వద్దంది చూడు అనుకున్నారు జనం. మైకు ఈలను పది రెట్లు చేస్తుందని తెలిసినవాళ్ళు ఆ హాలులో ఎందరున్నారో గానీ, రేడియో వాళ్ళలో ఒకతె. మైకు లేకపోతే స్పీకర్లు లేవు. స్పీకర్లు లేకపోతే ముందు లేదు, వెనక లేదు. అందరి కంటే దగ్గరున్నది వేదిక వెనక వరసే.

"స" వచ్చింది.

అందులో సన్నటి ఈల ఉంది. దారప్పోగంత. పెద్దావిడ దాన్ని దాచలేదు. సాగనిచ్చింది, ఇంకా సాగనిచ్చింది. అప్పుడు వెనకనుంచి గొంతు వచ్చింది. బరువైన తలుపు తెరుచుకుని, ఆ పోగును కూడా తనలో కలుపుకుని హాలంతా నిండింది. చెక్క వేదిక మోగింది. రేడియో అరికాళ్ళ కింద మోగింది, సీటు మోగింది, దవడ ఎముకలో మోగింది. రికార్డుల్లో ఇన్నేళ్ళూ విన్నది ఈ గొంతు నీడ మాత్రమే. గొంతు పోలేదు. ఎక్కడికీ పోలేదు.

పాట అయింది. మరిది ముఖం రెండు చేతులతో తుడుచుకుంటున్నాడు. "దుమ్ము" అన్నాడు.

ఇంటికి వచ్చే బస్సు ఎక్కారు. కూర్చోగానే మరిదే అన్నాడు: "గుర్తుచెయ్యమన్నావు. తిట్టు."

"దేనికి?"

"అంతా వీపే కదా చూపించాను నీకు."

"వీపు పాడుతుందని నీకిన్నాళ్ళూ తెలుసా?"

"అది సరే గానీ, మైకు ఎందుకు తీసేసింది వదినా? నువ్వేదో కనిపెట్టినట్టున్నావు. కళ్ళార్పకుండా చూస్తున్నావు అప్పుడు."

మాట నాలుక కొస దాకా వచ్చింది. అక్కడే ఆగింది. డబ్బా మీద పేరుండదు.

"వేడెక్కిందేమో" అంది.

"మైకు వేడెక్కుతుందా?"

"నాకేం తెలుసయ్యా, నేను పళ్ళు చేసుకునేదాన్ని. నువ్వే ఏదో పెద్ద కంప్యూటర్‌వాడివి, పై వరస చదవకపోయినా."

ఇంట్లో కూతురు తండ్రి చొక్కా పట్టుకుని ఎప్పుడో నిద్రపోయింది. ఏ పాట పెట్టావని అడిగితే, "ఏదీ పెట్టలేదు. నేనే పాడాను" అన్నాడు భర్త గర్వంగా.

మర్నాడు ల్యాబ్‌లో రేడియో ముందు కొత్త సెట్టు ఉంది. పేరు లేదు, నంబరే. ముందుపళ్ళ వెనకాల ప్లేటును చిన్న చక్రంతో పలచన చేస్తూ, వెలుగుకు ఎత్తి చూస్తూ, మళ్ళీ పలచన చేస్తోంది. పెదాల మధ్య "స" అంది. ఆగింది. ఇంకాస్త అరగదీసి మళ్ళీ "స" అంది.

"ఏమ్మా రేడియో" అన్నాడు బాబాయ్ అటునుంచి, "పొద్దున్నుంచీ ఒక్క అక్షరం దగ్గరే ఉన్నావు. సిగ్నల్ అందట్లేదా?"

"అందుతోంది బాబాయ్" అంది, తలెత్తకుండా. "ఉండండి, ఇంకొంచెం."