పళ్ళెంలో మొలిచిన గడ్డి

జనసునవాయిలో సోమక్క అబద్ధం చెప్పలేదు. ఆమె గురించి ఏది చెప్పాలన్నా మొదట ఈ సంగతిని స్థిరపరచాలి. గని కోసం గుట్టవాలును తీసుకోవచ్చా అని ఊరిని అడగడానికి పెట్టిన సభ అది. అక్కడ ఆమెను అడిగిన ప్రతి ప్రశ్నకూ ఆమె నిజమే చెప్పింది. ఆ నిజాన్నే ఆధారం చేసుకుని వాలు చుట్టూ కంచె వేశారు.

ఆవపల్లి దాటి, సైకిలు తొక్కే దారి అయిపోయాక ఇంకా నడిస్తే వచ్చే ఊరు ఆమెది. మొగుడు జ్వరంతో పోయాక ఆమెకు మిగిలింది గుట్ట కింద వరిమడి, నుదుట తెల్లచుక్క ఉన్న సుక్కి అనే ఆవు, నాగలికి ఎదుగుతున్న దాని కోడె. అక్కడ ఆవును పాల కోసం పెంచరు. పాలు దూడవి. ఆవు ఈనితే కోడెలు వస్తాయి, కోడెలుంటే మడి దున్నుకోవచ్చు. సుక్కి లేకపోతే సోమక్కకు తిండి గింజలు లేవు. లెక్క అంత సూటిగా ఉండేది.

గని వచ్చాక వాగు ఎర్రబడింది. వానలకు కొట్టుకొచ్చిన ఇనుప బురద ఒడ్డున గడ్డి మీద పొరగా ఎండిపోయేది. పశువులు మూతి ఆనించి వెనక్కి తీసేవి. ఊరి మందకు మిగిలిన ఆధారం గుట్టవాలు ఒక్కటే: పైన గడ్డి, అడుగున రాళ్ళ సందులో ఊరే చెలమ. గని రెండో దశకు కావలసింది సరిగ్గా ఆ వాలే.

ఆ రోజుల్లోనే గని కంపెనీ సేవా విభాగం వాళ్ళు సోమక్క పెరట్లో ఆకుపచ్చ వల కప్పిన చిన్న ఇల్లొకటి కట్టారు. లోపల ఇనుప అరలు, అరల్లో ప్లాస్టిక్ పళ్ళేలు, కింద ఒక డ్రమ్ము, పైన ఎండతో నడిచే పంపు. మొక్కజొన్న గింజలను నానబెట్టి, గోనెసంచిలో మూటగట్టి, ముక్కు పగిలాక పళ్ళెంలో పరవాలి. సన్నటి తుంపర పడుతుంటే వారం తిరిగేసరికి వేళ్ళు అల్లుకుని, చాప చుట్టినట్టు చుట్టి తీయగలిగే గడ్డి సిద్ధమవుతుంది. మట్టి ఉండదు. వేళ్ళతో సహా పశువు తినేస్తుంది. మిగిలిన నీళ్ళు డ్రమ్ములోకి జారి, పంపుతో మళ్ళీ పైకి పోతాయి.

ఇదంతా నేర్పడానికి గీదం నుంచి సుక్రాం అనే ఉద్యోగి వచ్చేవాడు. హల్బీ, హిందీ, సగం తెలుగు మాట్లాడే మనిషి.

“నీళ్ళు యాడికీ పోవు దీదీ. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. అవే నీళ్ళు,” అన్నాడు.

“అవే అయితే డ్రమ్ము ఎందుకు తగ్గుతాంది? నేను లేనప్పుడొచ్చి నువ్వు తాగిపోతున్నవా ఏంది?”

సుక్రాం నవ్వాడు. గడ్డి కొంత తాగుతుందనీ, ఎండ కొంత తాగుతుందనీ, కొంచెం కొంచెంగా పోస్తూ ఉండమనీ చెప్పాడు. వాగు నీళ్ళు మాత్రం పోయవద్దన్నాడు; ఆ ఎర్ర నలుసు తుంపర గొట్టాల్లో అడ్డుపడుతుంది. అందుకని సోమక్క రోజూ తెల్లవారగానే వాలు దిగువకు వెళ్ళి చెలమ నీళ్ళు కుండతో మోసుకొచ్చేది. ఆ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. నీళ్ళు మోయడం చెప్పుకునే పని అని ఆమెకు తోచలేదు.

మొదటి గింజ నానబెట్టే ముందు ఆమె ఇంకొక పని చేసింది. ఏటా విత్తులకు ముందు ఆ ఊళ్ళో విజ్జ పండుం చేస్తారు. ప్రతి ఇంటి నుంచీ దోసెడు విత్తనాలు తెచ్చి ఊరి దేవత అయిన తల్లి ముందు పోస్తే, పెరమ, అంటే ఊరి పూజారి, అన్నింటినీ కలిపి తలా దోసెడు తిరిగి ఇస్తాడు. అప్పటినుంచి ఏ గింజా ఒక్క ఇంటిది కాదు. ఆ గింజ నుంచి వచ్చినదాన్ని తిన్నవాళ్ళెవరూ, పశువుకు పెట్టినవాళ్ళెవరూ దాన్ని చెడ్డదనకూడదు, చాలలేదనకూడదు. అది ఆ ఊరి కట్టుబాటు. సోమక్క కంపెనీ సంచి నుంచి దోసెడు మొక్కజొన్నలు తీసుకెళ్ళింది. పెరమ కాశయ్య ఆమెకు వరసకు మామ. ఆయన ఆ గింజలను అరచేతిలో దొర్లించి చూశాడు.

“మట్టి ముట్టని గింజకు పండుం ఏందే కోడలా?”

“నా సుక్కి తినేది మావా. తల్లికి చెప్పకుండ ఎట్ల పెడతా?”

కాశయ్య కలిపాడు. కంపెనీ గింజ ఊరి గింజ అయింది.

ఆ ఎండాకాలం సుక్కి, కోడె ఆ గడ్డితో నిలిచాయి. సుక్కి చూడి కూడా కట్టింది. ఫోటోలు తీయడానికి బీజాపూర్ నుంచి జీపుల్లో మనుషులొచ్చారు. పాలు ఎన్ని లీటర్లు పెరిగాయని ఒకాయన అడిగితే, “పాలు దూడవి సాబ్. దాన్నే అడగండ్రి,” అంది సోమక్క. ఆయన నవ్వి, ఇంకేదో రాసుకున్నాడు.

సభ గని దగ్గర టెంటు కింద జరిగింది. చుట్టూ తుపాకులు పట్టిన జవాన్లు. కాశయ్య లేచి, తమ మంద బతికేది ఆ వాలు మీదనేనని చెప్పి కూర్చున్నాడు. అప్పుడు కంపెనీ తరఫు వకీలు సోమక్కను పిలిపించాడు. అతను హిందీలో అడిగాడు, సుక్రాం తెలుగులో చెప్పాడు. పళ్ళెం గడ్డి మంచిదేనా? నీ పశువులు తింటున్నాయా? వాటికి సరిపోతున్నదా?

సోమక్క కాశయ్య వైపు చూసింది. ఆయన తల దించుకున్నాడు. ఆ గింజను తల్లి ముందు కలిపింది ఆయన చేతులే.

“మంచిదే. తింటయి. సరిపోతది,” అంది సోమక్క.

వకీలు ధన్యవాదాలు చెప్పి కూర్చున్నాడు. ఊరికి ప్రత్యామ్నాయ మేత విజయవంతంగా ఏర్పాటయిందని, కాబట్టి వాలు ఇక మేతకు అవసరం లేదని సభ నడిపిన అధికారి ప్రకటించాడు. ఒక ఆవుకూ ఒక కోడెకూ చాలిన గడ్డి ఊరి మందకు చాలుతుందా అని ఆమెను ఎవరూ అడగలేదు. ఆ గడ్డికి నీళ్ళెక్కడివని అడగలేదు. అడగవలసింది అడగకుండా, వచ్చిన జవాబును మాత్రం ఊరంతటి మీదా సాక్ష్యంగా మోపడాన్ని న్యాయశాస్త్రంలో ఏమంటారో నాకు తెలుసు. ఆ ఊళ్ళో దానికి మాట లేదు. అప్పటివరకూ దాని అవసరం రాలేదు.

వానలకు ముందే కంచె పడింది. చెలమ కంచె లోపల ఉండిపోయింది. సోమక్క కుండతో వెళ్తే కాపలావాడు వెనక్కి పంపాడు. ఆమె వాగు నీళ్ళను చీరకొంగు మడతలు పెట్టి వడకట్టి డ్రమ్ములో పోసింది. ఆ నీళ్ళే పైకి పోయి, కిందికి జారి, మళ్ళీ పైకి పోయాయి. ప్రతి చుట్టుకూ ఎర్రదనం చిక్కబడింది. తుంపర గొట్టాలు ఒక్కొక్కటే మూసుకుపోయాయి. సుక్రాంను వేరే ఊరికి మార్చారు. కొత్తగా ఎవరూ రాలేదు. తడి అందక కొన్ని పళ్ళేలు ఎండాయి. నిలిచిన తడిలో కొన్ని కుళ్ళాయి. వేళ్ళ కింద నల్లటి బూజు పట్టింది.

సోమక్క బూజును కత్తితో గీకి, మిగిలిన పచ్చదనాన్ని సుక్కికి పెట్టింది. పెట్టడానికి ఇంకేమీ లేదు. సుక్కి ముందు మేత మానేసింది, తర్వాత లేవడం మానేసింది. సోమక్క దాని తల ఒళ్ళో పెట్టుకుని గంజి పట్టబోయింది. గంజి మూతి పక్కనుంచి కారిపోయింది. కడుపులో దూడతో సహా సుక్కి పోయింది. మిగిలిన ఇళ్ళవాళ్ళు పశువులు కళ్ళముందు చావకుండా వాటిని గీదం సంతకు తోలుకుపోయారు. సోమక్క కోడె కూడా ఆ మందతోనే సంతకు పోయింది. ఎవరూ ఆమెను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేదని ఆమె అనుకుని ఉండవచ్చు.

మళ్ళీ విజ్జ పండుం వచ్చింది. డబ్బా అడుగున మిగిలిన మొక్కజొన్నలు దోసిట పట్టుకుని సోమక్క వెళ్ళింది. కాశయ్య వాటిని ఊరి గింజల్లో కలిపాడు.

“ఆ పొద్దు నేను కలపకుంటె, చాలదని చెప్పేదానివి గదనే.”

“రెంటికీ చాలింది మావా. ఉన్నదే చెప్పిన.”

“మళ్ళ పిలిచి అడిగితే?”

సోమక్క తన వంతుకు దోసిలి పట్టింది.

“గడ్డిని చెడ్డదని ఎట్లంటా? గడ్డేం జేసింది?”

తన వంతు దోసెడు గింజలు కొంగున ముడేసుకుని ఇంటిదారి పట్టింది. దున్నే ఎద్దులు లేవు కాబట్టి ఆ గింజలు వేసే మడి లేదు. నీళ్ళు లేవు కాబట్టి పరిచే పళ్ళెమూ లేదు. దారి కంచె వెంబడే పోతుంది. యంత్రాలు ఇంకా రాలేదు. మేసే మూతి లేక లోపల గడ్డి నడుమెత్తు పెరిగి, వాలంతా ఎండి, గాలికి ఒరుగుతోంది.