కెజియాని చూడొద్దని చెప్పింది నేనే

నేను ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. కంటికి కనిపించనిది మైక్రోస్కోపులో చూస్తాను. అక్కడా కనిపించకపోతే లేదనే రాస్తాను. దయ్యాలు, ఆత్మలు అంటే చిన్నప్పుడు కూడా నవ్వేదాన్ని. మా నాన్నమ్మ కథ మొదలుపెడితే సగంలో లేచిపోయేదాన్ని. అలాంటి నేను పన్నెండేళ్ళు దాచుకుని, ఇక దాచలేక ఇది రాస్తున్నాను.

మాది తిరువూరు. నాన్నకి ఎరువుల కొట్టు ఉండేది. చదివిన హైస్కూలు పేరు రాయను. క్లాసులో నాదే పెత్తనం.

కెజియా గంపలగూడెం దగ్గర పల్లె నుంచి షేర్ ఆటోలో వచ్చేది. వాళ్ళ అమ్మానాన్నలు పత్తి చేలల్లో కూలికి వెళ్ళేవాళ్ళు. ఆ పిల్లకి అబద్ధం ఆడటం చేతకాదు. తొమ్మిదో తరగతి ఆఖరి పరీక్షలో నేను చీటీలు పెట్టి రాస్తుంటే సార్‌కి అనుమానం వచ్చి, పక్కనున్న కెజియాని నిలదీశారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. నాన్నని బడికి పిలిపించారు. ఆ సాయంత్రం నాన్న నన్ను బెల్టుతో కొట్టారు. సెలవులంతా నాకు ఒకటే ఆలోచన, దాన్ని ఏం చెయ్యాలా అని.

జూన్‌లో బడి తెరిచిన రోజు సోమవారం. అందరికంటే ముందే వెళ్ళి పదో తరగతి గదిలో కూర్చున్నాను. మాది ఆడపిల్లల సెక్షన్. కెజియా కాక ఇరవై ముగ్గురం. ఒక్కొక్కళ్ళూ వస్తుంటే వచ్చినవాళ్ళకి వచ్చినట్టే చెప్పాను.

"ఇవ్వాళ్టి నుంచి కెజియా లేదు. దాని వంక చూడొద్దు, అడిగితే పలకొద్దు. వారం రోజులు. ఎవరైనా మాట్లాడారో, తర్వాత వంతు వాళ్ళదే."

అందరూ సరదాగా ఒప్పుకున్నారు. స్వప్న మాత్రం "పాపమే" అంది. అని, తనూ ఒప్పుకుంది.

గంట కొట్టే వేళకి కెజియా వచ్చింది. పాత యూనిఫామే. భుజాన సంచి లేదు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. రెండో బెంచీ చివర కూర్చుంది. పక్కనున్న అమ్మాయి పుస్తకంలో తల దూర్చేసింది.

లెక్కల సార్ వచ్చి అటెండెన్స్ తీసుకున్నారు. పేరు పిలవగానే కెజియా "ప్రెజెంట్ సార్" అంది. మాకందరికీ వినిపించింది. సార్ మళ్ళీ పిలిచారు. ఈసారి లేచి నిలబడి చెప్పింది. సార్ తలెత్తి సరిగ్గా ఆ బెంచీ వైపే చూశారు.

"కెజియా రాలేదా? ఎవరికైనా తెలుసా?"

ఆయన మా ఆటలో కలిసే మనిషి కాదు. ఏదో పరాకులో ఉన్నారనుకున్నాను.

"రాలేదు సార్. పెళ్ళి చేసేశారేమో" అన్నాను. క్లాసంతా గొల్లుమంది. కెజియా నిలబడే ఉంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయా వరసగా గుడ్లు వడ్డించుకుంటూ వచ్చి, కెజియా కూర్చున్న చోటు దాటేసి పక్క ప్లేటులో వేసింది. ఆయాకి మేం ఏమీ చెప్పలేదు. స్వప్న నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అప్పుడే ఆపెయ్యాల్సింది. భయపడ్డానని తెలిస్తే నా మాట ఎవరూ వినరని ఆపలేదు.

క్లాసుకి తిరిగొచ్చాక కెజియా ఒక్కో బెంచీ దగ్గరికీ వెళ్ళి నీళ్ళడిగింది. "కాసిని మంచినీళ్ళివ్వవే, గొంతు ఎండిపోతోంది" అని. కుళాయి వరండా చివరే ఉంది. అక్కడికి ఎందుకు వెళ్ళలేదో నాకప్పుడు తోచలేదు. ఎవ్వరూ తలెత్తలేదు. ఆఖర్న నా దగ్గరికొచ్చింది. నా సీసా నిండుగా ఉంది. మూత తీసి నాలుగు గుక్కలు తాగి, మిగిలిందంతా కిటికీలోంచి పారబోశాను. చుక్క మిగలకుండా.

కెజియా చూస్తూ నిలబడింది. తర్వాత బయటికి వెళ్ళిపోయింది. మంగళ, బుధవారాలు రాలేదు. గెలిచామనుకున్నాం.

గురువారం సార్ క్లాసులోకి వస్తూనే చెప్పారు. "కెజియాకి అపెండిక్స్ పగిలిందంట. ఆదివారం పొద్దున్నే విజయవాడ తీసుకెళ్ళి ఆపరేషన్ చేశారంట. ఇంకా కళ్ళు తెరవలేదంటమ్మా. అందరూ దేవుడికి దణ్ణం పెట్టుకోండి."

ఆదివారం నుంచీ ఆస్పత్రిలో ఉంటే, సోమవారం మా దగ్గరికి వచ్చింది ఎవరు? "సోమవారం వచ్చింది సార్" అనడానికి ఎవరికీ నోరు రాలేదు. రాలేదని నేనే చెప్పాను కదా. తర్వాత ఒక్కొక్కళ్ళనీ విడిగా అడిగాను. అందరూ చూశారు. ఇద్దరు ఏడ్చారు. ఎవరినో చూసి పొరబడ్డామనుకుందామంటే, అది మూడేళ్ళుగా రోజూ చూస్తున్న మొహం. ఈ సంగతి ఎక్కడా అనకూడదని అందరిచేతా ఒట్టు వేయించుకున్నాను.

జూలై ఆఖర్లో కెజియా తిరిగి బడికొచ్చింది. సగానికి సగం అయిపోయింది. వాళ్ళమ్మ మార్తమ్మ తోడు వచ్చి వరండాలో మాకు చెప్పింది.

"నాలుగు రోజులు కళ్ళు తెరవలేదమ్మా. నీళ్ళు, నీళ్ళు అని ఒకటే కలవరింత. చుక్క కూడా పొయ్యొద్దన్నారు డాక్టర్లు. సోమారం మధ్యాన్నమైతే ఇంక ఆశ లేదు, అందర్నీ పిలిపించుకోమన్నారు. మా పాస్టరుగారు కూడా వచ్చేశారు. ఆ దేవుడే దాన్ని మళ్ళీ ఇచ్చాడు."

కెజియా ఒంటరిగా దొరికినప్పుడు దగ్గరికి వెళ్ళాను. క్షమించమనడానికి కాదు. ఏం గుర్తుందో తెలుసుకుందామని.

"ఆస్పత్రిలో నీకు తెలివి ఉండేదా?" అన్నాను.

"నేను బడికొచ్చాను కదే" అంది. "నీళ్ళడిగితే నువ్వు కిటికీలోంచి పారబోశావు."

ఎవరైనా వింటున్నారేమోనని చుట్టూ చూశాను.

"సార్ నన్ను చూళ్ళేదు. ఆయా చూళ్ళేదు. మీరందరూ కూడా చూళ్ళేదు. దాంతో నేను చచ్చిపోయాననుకున్నాను. చచ్చిపోయాక ఇంక ఇక్కడేం పని అని వెళ్ళిపోయాను." మళ్ళీ తనే, "మత్తులో కల వచ్చుంటుందంది డాక్టరమ్మ. నిజమేనంటావా?" అని అడిగింది.

మేమందరం చూశామని చెప్పడానికి ఒక్క మాట చాలు. కానీ ఆ మాట అంటే ఆట సంగతీ చెప్పాలి.

"కలే అయ్యుంటుంది" అన్నాను.

ఆ సాయంత్రం సార్ లేనప్పుడు అటెండెన్స్ రిజిస్టరు తెరిచి చూసుకున్నాను. సోమవారం గడిలో ఆబ్సెంటనే ఉంది. ఆస్పత్రి మంచం మీద ఒకరికి వచ్చిన కలలోకి ఇరవై ముగ్గురం మెలకువగా ఎలా వెళ్ళామో నాకు ఇప్పటికీ అంతు చిక్కలేదు. స్వప్నకి ఫోన్ చేసి ఆ మాట ఎత్తితే పెట్టేస్తుంది.

కెజియా ఇప్పుడు రెడ్డిగూడెం వైపు ఒక బళ్ళో టీచరు. కిందటి నెల బస్టాండులో కనిపించి బాగా పలకరించింది. ఆ రోజు తను ఎవరికీ కనిపించలేదనే ఇప్పటికీ అనుకుంటోంది.