ఆమె చెప్పిన అంకె

మా పై వాటాలో కిరాయికుండే సారు పోయిన గురువారం పొద్దున గుండె ఆగి వెళ్లిపోయారు. కబురు చెప్పింది నా మనవరాలు. కాలేజీకని మెట్లు దిగిన పిల్ల వెనక్కి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "అమ్మమ్మా, ఈ ఆదివారం ఆట లేదు" అంది. దాని చూపు పై వాటా మెట్ల వైపే ఉంది. నాకు అర్థమైంది.

ఆయన అశోక్ నగర్‌లో పోటీ పరీక్షల పిల్లలకు భూగోళం చెప్పేవారు. ఆ పాఠాల గురించి చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు. ఆదివారం మధ్యాహ్నాలు మా ముందుగదిలో ఆయన ఆడించిన ఆట గురించి చెప్పడానికి నేనున్నాను.

ఆటలో ఒకరు కథ నడుపుతారు. మిగతావాళ్లు ఆ కథలో తలా ఒక మనిషి అవుతారు. వాగు దాటుతారో, తలుపు పగలగొడతారో వాళ్లిష్టం. అది నెరవేరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక చెబుతుంది; పెద్ద అంకె పడితే నెరవేరినట్టు. ఇంట్లో పాచికలేమిటని నేను మొదట ఒప్పుకోలేదు. చివరికి, నేనూ ఆ గదిలోనే కూర్చుంటానని షరతు పెట్టాను.

"కూసోండ్రి అమ్మా. చూసెటోళ్లుంటే నాక్కూడ జర భయముంటది" అన్నారు.

కొత్తవాళ్లెవరు వచ్చినా ఆయన ముందు ఒక్కటే అడిగేవారు: "కథల ఏది రావద్దు?" ఎందుకు వద్దో మాత్రం అడిగేవారు కాదు. వనపర్తి నుంచి వచ్చి గ్రూప్స్‌కు చదువుకుంటున్న అమ్మాయి, "నీళ్లల్ల పిల్లలు పోవుడు వద్దు సార్" అంది. ఆడకపోయినా నన్నూ అడిగారు. పాములు వద్దన్నాను. ఆయన కథలో పాడుబడ్డ కోటలు ఎన్ని వచ్చాయో. ఒక్క దాంట్లోనూ పాము లేదు.

నాకు నచ్చనిది ఒకటుండేది. కథలో దొంగల తరఫున తాను వేసే పాచిక ఎవరికీ కనబడకుండా ముందు అట్ట నిలబెట్టుకునేవారు. ఆయన ఎంత అంటే అంత. కనబడని లెక్క ఎట్లా నమ్ముతారని అడిగాను.

"నమ్మకపోతే ఆట లేదమ్మా. ఆ నమ్మకాన్ని నేను వాడుకున్నా ఆట లేదు."

ఆ మాట ఆయనే తప్పిన రోజు నేను ఆయన వెనక, కిటికీ పక్కన కూర్చుని ఉన్నాను. వనపర్తి అమ్మాయి కథలో పడవ నడిపే మనిషి. వరద రాత్రి ఒడ్డు మీది నుంచి దొంగ ఆమె మీదికి బల్లెం విసిరాడు. సారు పాచిక వేశారు. చూశారు. కొంచెం ఆగి, "ఎనిమిది. తప్పిపోయింది" అన్నారు.

అందరూ ఊపిరి వదిలారు. ఆ అమ్మాయి వదల్లేదు.

"అమ్మా, మీరు ఆడనే ఉన్నరు గద. ఎంత పడ్డది?"

సారు వెనక్కి తిరగలేదు. ఆయనంటే నాకు గౌరవం. కానీ చూసిన అంకెను ఇంకోలా చెప్పడం నా వల్ల కాదు.

"పంతొమ్మిది" అన్నాను.

మనవరాలు, "అమ్మమ్మా, నిన్నెవరు చెప్పమన్నరు" అని గొణిగింది. ఆ అమ్మాయి సంచి ఒళ్లోకి తీసుకుంది.

"నిన్న నీ రిజల్ట్ చూసిన బిడ్డా" అన్నారు సారు. "ఇయ్యాల గూడ ఓడగొట్టబుద్ధి కాలె."

"జాలిపడుడు మీ ఇష్టం సార్. అబద్ధం చెప్పుడు మీ ఇష్టం కాదు. బయట పరీక్ష పెడ్తరు, రద్దు చేస్తరు. ఎవర్ని నమ్మాల్నో తెల్వది. ఈడనన్న సక్కగుంటదనుకున్న."

ఆ అమ్మాయి లేస్తే ఇక రాదని అందరికీ తెలుసు.

"తప్పు నాది" అన్నారు సారు. "బల్లెం తగిలినట్టే. ఇగ బతుకుడు, సావుడు నీ పాచిక మీద ఉంది. పది దాటాలె." తన పాచికే ఆమె ముందు పెట్టారు.

ఆమె సంచి భుజాన వేసుకుని లేచి, నిలబడే విసిరింది. అది బల్ల అంచు తగిలి, నేల మీద దొర్లి, దివాన్ మంచం కిందికి పోయింది.

"మళ్ల వెయ్యక్కా" అంది మనవరాలు.

"వద్దు. పడ్డది పడ్డట్టే. చూసి చెప్పు బిడ్డా" అన్నారు సారు.

ఆ అమ్మాయి సంచి దించి, నేల మీద బోర్లా పడుకుని, చెంప నేల బండకు ఆనించింది. మనవరాలు ఫోన్ లైట్ పట్టుకుని వంగబోతే సారు చెయ్యి అడ్డం పెట్టి, ఫోన్ ఆ అమ్మాయికే ఇప్పించారు. ఇంకొకరు కూడా చూడాలి కదా అన్నాను నేను.

"ఇన్నొద్దులు నేను చెప్పింది వీళ్లు నమ్మిండ్రమ్మా. ఇప్పుడు ఆమె చెప్పింది నేను నమ్ముత."

ఆమె మంచం కింద లైటు అటూ ఇటూ తిప్పింది. నేను వంగలేదు.

"నాలుగు" అంది.

రెండేళ్లుగా ఆమె నడిపిన పడవమనిషి అక్కడితో అయిపోయింది. సారు మెల్లగా కుర్చీ దిగి ఆమె పక్కన నేల మీద కూర్చున్నారు. ఆమె ముఖం ఇంకా మంచం కిందికే ఉంది.

"వచ్చే వారం కొత్త మనిషితోని రావచ్చా సార్?"

ఆయన తల ఊపారు. తల ఊపితే ఆమెకు కనబడదని తట్టిందేమో, అరచెయ్యి చాపి, ఆమె చెంప దగ్గర బండ మీద రెండుసార్లు మెల్లగా తట్టారు.